ఎస్తేరమ్మ దగ్గర తీసుకున్నది

వంతెన మొదటిసారి పనిచేసింది ప్రసూన మీదే. అంతకుముందు ఎనిమిది నెలల పాటు అది ఎవరి మీదా పనిచేయలేదు.

పేరుకు వంతెన గానీ చూడటానికి అందులో ఏమీ లేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు, తలలకు తొడిగే రెండు టోపీలు, వాటి మధ్య వేలంత లావు కేబులు. మనిషి తనను తాను ఓదార్చుకున్నప్పుడు మెదడులో ఒక అల లేస్తుంది. ఆ అలను పట్టుకుని, అలా ఓదార్చుకోవడం చేతకాని ఇంకో మనిషి మెదడుకు అందించడం దాని పని. రికార్డు చేసి తర్వాత వినిపిస్తే రెండో మెదడు పట్టించుకోవడం లేదు. అందుకని ఇద్దరూ ఒకేసారి కూర్చోవాలి. ఒకరు ఇస్తుండగానే ఇంకొకరు తీసుకోవాలి.

చిక్కల్లా ఇచ్చేవాళ్లతోనే వచ్చింది. కాకినాడ బయట ఉప్పుటేరు పక్కనున్న ఆ పరిశోధన కేంద్రానికి, దయగలవాళ్లని పేరున్న మనుషులను నూరుమందికి పైగా పిలిపించారు. అనాథ పిల్లలను సాకిన దంపతులు వచ్చారు, ప్రవచనాలు చెప్పే స్వామి వచ్చాడు, ఊరందరి కష్టాలూ వినే పోస్టుమాస్టరు వచ్చాడు. మెదడు అలను గీతగా చూపించే తెర మీద, ఎదుటివాళ్ల పట్ల దయ అందరిలోనూ కనిపించింది. "ఇప్పుడు మీరు చేసిన తప్పొకటి తలచుకుని, మిమ్మల్ని మీరు ఓదార్చుకోండి" అనేసరికి గీత చచ్చుబడిపోయేది. స్వామిగారి గీత అసలు లేవనే లేదు. యంత్రం బాగాలేదని ఆయన నొచ్చుకుని వెళ్లిపోయాడు.

అలాంటి సమయంలో ఎస్తేరమ్మ వచ్చింది. ఒక మిషన్ ఆసుపత్రి పిల్లల వార్డులో ముప్పయ్యేడేళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. టోపీ తొడిగాక, అక్కడి శాస్త్రవేత్త ప్రసూన అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగింది. ఎస్తేరమ్మ కళ్లు మూసుకుంది. తెర మీద గీత లేచింది. లేచి, పడకుండా నిలబడింది.

"ఏం తలచుకున్నారండీ?" అంది ప్రసూన.

"ఒక పిల్లాణ్ణమ్మా. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. వాడికి పదకొండు నెలలు. సీసా మీద అంకె సరిగా చూసుకోకుండా మందు ఎక్కువ ఎక్కించేసేను. గంటలో పోయేడు." ఎస్తేరమ్మ గొంతు వణకలేదు. "వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, బాగా చూసుకున్నావు తల్లీ అని ఏడ్చింది. ఆవిడకి తెలీదు కదా. ఎనిమిదేళ్లు నేను అద్దంలో మొహం చూసుకోలేదు. రోజూ మోకాళ్ల మీద పడి ప్రభువుని అదే అడిగేదాన్ని, నన్నేం చేస్తావు, నన్నేం చేస్తావు అని. ఒక ఆదివారం అలా అడుగుతా ఉంటే ఎవరో వీపు మీద బరువు దించినట్టయ్యింది. 'చాల్లే ఎస్తేరూ, లేచి అన్నం తిను' అనుకున్నాను. లేచి తిన్నాను. మర్నాడు ఆ తల్లి ఊరెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పేసేను."

"ఆవిడ ఏమన్నారు?"

"మొహం మీద తలుపేసేసింది. అది ఆవిడిష్టం కదమ్మా."

ప్రసూనకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. మెదడు శాస్త్రంలో మంచి పేరుంది. ఆ పేరుకన్నా పెద్ద భయం కూడా ఉంది. ఇంట్లోంచి బయలుదేరే ముందు గ్యాసు మీట మూడుసార్లు ముట్టుకుని "కట్టేశా, కట్టేశా, కట్టేశా" అనుకుంటే తప్ప కాలు కదిలేది కాదు. కదిలినా సగం దారిలోంచి వెనక్కి వచ్చేది. కూతురు సంహిత బడి నుంచి రావడం పది నిమిషాలు ఆలస్యమైతే చేతులు చల్లబడిపోయేవి. పిల్లకు జ్వరమొస్తే తన వంట వల్లే వచ్చింది, భర్త భార్గవ ముభావంగా ఉంటే తను ఏదో అనడం వల్లే అలా ఉన్నాడు. రోజంతా లోపల ఒక గొంతు ఆమెను తిడుతూనే ఉండేది. దానికి సెలవుల్లేవు. మందులు వాడింది. ధ్యానం నేర్చుకుంది. ధ్యానంలో సరిగా కూర్చోవడం లేదని కూడా ఆ గొంతే తిట్టేది.

అందుకే కేంద్రం అధిపతి డాక్టర్ కామేశం, "ముందు ఎవరి మీద చూద్దాం?" అన్నప్పుడు ప్రసూన ఇంకెవరికీ అవకాశం ఇవ్వలేదు.

నలభై నిమిషాలు పట్టింది. ఎదురుగా ఎస్తేరమ్మ కళ్లు మూసుకుని ఆ ఆదివారాన్ని తలచుకుంటోంది. పావుగంట గడిచేసరికి, ప్రసూన లోపలి గొంతు ఏదో అనబోతూ మాట మరిచిపోయినట్టు ఆగింది. దాని చోట ఇంకేదో వచ్చింది. మొదట అది మాటగా లేదు. చంటిపిల్లను జోకొట్టే చేతిలోని మెత్తదనంలా ఉంది. నెమ్మదిగా మాటైంది. చాల్లే తల్లీ.

ఆ మధ్యాహ్నం ప్రసూన ఇంటికెళ్లి పప్పన్నం పెట్టుకుంది. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఎక్కువైంది, అంతే అనుకుంది. పళ్లెం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఇంతకాలం ఎంత బరువు మోశానో అని తన మీద తనకే జాలి కలిగి ఏడ్చిన ఏడుపది.

జూన్‌లో మిగతావాళ్ల మీద మొదలుపెట్టారు. మనం తీసుకోకుండా జనానికి ఎలా ఇస్తామంటూ కామేశం తీసుకున్నాడు. కేబులు తయారుచేసిన ఇంజనీరు ఫణీంద్ర తీసుకున్నాడు. కేంద్రంలో మరో ముగ్గురు తీసుకున్నారు. తర్వాత రోగులు. గడప దాటలేని గృహిణి, బియ్యం ఏడుసార్లు కడిగితే గానీ పొయ్యి మీద పెట్టలేని లెక్చరరు, గుండెపోటు వస్తోందని వారానికోసారి ఆసుపత్రికి పరిగెత్తే కండక్టరు. వారానికి ఇద్దరు చొప్పున వచ్చారు. వచ్చినవాళ్లందరూ భుజాలు దించుకుని వెళ్లారు. ఒక్కొక్కరికీ ఎస్తేరమ్మ ఆ ఆదివారాన్నే తలచుకునేది.

"మీకేమైనా అలసటగా ఉంటోందా?" అని ప్రసూన అడిగితే నవ్వేది. "ఆయ్, అలసటేముందమ్మా? ఆ పిల్లాడి పేరు మీద ఇంతమంది కుదుటపడితే, వాడూ ఒకళ్లకి పనికొచ్చినట్టే కదా."

ప్రసూన ఇల్లు మారిపోయింది. భార్గవతో కలిసి పెళ్లయ్యాక తొలిసారి తీరిగ్గా సినిమా చూసింది. సంహిత సైకిలు మీద వీధి చివరి దాకా వెళ్తానంటే వెళ్లిరమ్మంది. "ఇన్నాళ్లకి నీతో కాపురం చేస్తున్నట్టుంది, ఇంతకుముందు నీ భయంతో చేశాను" అన్నాడు భార్గవ, సగం నవ్వుతూ.

సెప్టెంబరులో ఒక రోజు భార్గవ ఊళ్లో లేడు. బడి వదిలే వేళకు వచ్చి తీసుకెళ్తానని ప్రసూన కూతురికి చెప్పి, మర్చిపోయింది. పెద్ద వాన. పదేళ్ల పిల్ల గంటన్నరసేపు వాచ్‌మన్ రేకుల షెడ్డు కింద నిలబడింది. ప్రసూన కారు ఆపి తలుపు తెరిచేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి.

"వస్తానన్నావు కదమ్మా?"

"మర్చిపోయానమ్మా. అప్పుడప్పుడూ అందరం మర్చిపోతాం. పర్లేదు."

సంహిత తడిసిన బూట్లు విప్పుకుంటూ తల్లి వైపు చూసింది. "పర్లేదని నేను కదా అనాలి?"

ప్రసూనకు ఆ మాట ముద్దొచ్చింది. మర్నాడు కేంద్రంలో అందరికీ చెప్పి నవ్వించింది కూడా.

అక్టోబరు రెండో వారంలో ఎస్తేరమ్మ రాలేదు. ఫోన్ తీయలేదు. అప్పటికి ముప్పై ఒక్క మంది పూర్తయ్యారు. ముప్పై రెండో మనిషిని వెనక్కి పంపించి, ప్రసూన చర్చి వెనక సందుకు వెళ్లింది. పట్టపగలు కిటికీలన్నీ మూసి ఉన్నాయి. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

ఎస్తేరమ్మ సగానికి సగం చిక్కిపోయింది. "రా అమ్మా" అని, కూర్చోమనడం మర్చిపోయి వంటింట్లోకి నడిచింది. గిన్నెలో బియ్యం నానుతున్నాయి. నీళ్లు వంపింది, మళ్లీ పోసింది, మళ్లీ వంపింది. ప్రసూన మనసులోనే లెక్కపెట్టింది. ఏడు. తర్వాత ఎస్తేరమ్మ వెలిగించని పొయ్యి దగ్గరకు వెళ్లి మీటను ముట్టుకుంది.

"కట్టేశా, కట్టేశా, కట్టేశా" అంది.

ప్రసూన విజయవాడ మనిషి. ఎస్తేరమ్మ పుట్టి పెరిగింది గోదావరి గట్టున. "కట్టేసేను" అనే మనిషి ఆమె. ఆ మాట ఆమెది కాదు. ఎవరిదో ప్రసూనకు చెప్పనక్కర్లేదు.

ముందు గదిలో గోడ మీది అద్దానికి తువ్వాలు కప్పి ఉంది. ప్రసూన దాన్ని చూసి, "ప్రార్థన చేసుకుంటున్నారా?" అని మెల్లగా అడిగింది.

"కూచుంటన్నానమ్మా. మోకాళ్లు వంగుతున్నాయి గానీ నోరు పెగలట్లేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?" కుడిచెయ్యి ముందుకు చాపి, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "వాడు నిన్న పోయినట్టుందమ్మా. ఇదే చెయ్యి. ఆ ఆదివారం తలచుకుందామంటే, ఎవరో చెప్పిన కథలాగుంది. నాక్కాదు జరిగింది. నేనలా నన్ను ఎందుకు వదిలేసేనో, ఏం చూసుకుని వదిలేసేనో, ఎంత ఆలోచించినా తెలీట్లేదు."

ప్రసూన బయటికొచ్చింది. ఇలాంటిది చూశాక నాలుగు నెలల క్రితం ప్రసూన అయితే రోడ్డు మీదే కుప్పకూలి ఉండేది. ఇప్పుడు లోపల ఆ మెత్తని గొంతు లేచింది. పోనీలే తల్లీ, తెలియక చేశావు. ఆకలేసి ఒక టిఫిన్ బండి దగ్గర ఆగింది. ఇడ్లీలు వేడిగా, బాగున్నాయి. మూడో ఇడ్లీ తుంచబోతూ చెయ్యి ఆపింది. తను ఇప్పుడేం చూసిందో గుర్తుకు తెచ్చుకుంది. బాధ కోసం లోపల వెతికింది. పన్ను ఊడిన చోట నాలుక తడుముకున్నట్టు తడుముకుంది. అక్కడ ఏమీ లేదు.

ఆ సాయంత్రం పాత సెషన్ల రికార్డులన్నీ తెరిచింది. ఇచ్చేవాళ్ల నుంచి తీసుకునేవాళ్లకు వెళ్లే గీత ప్రతి దాంట్లోనూ స్పష్టంగా ఉంది. దాని కింద, మొదటి రోజు నుంచీ, ఎదురు దిశలో ఇంకో సన్నని గీత ఉంది. దాన్ని అందరూ యంత్రం చేసే గరగర అనుకున్నారు. తెర మీద కనపడకుండా దాన్ని తుడిచేసే ఏర్పాటు చేసింది ప్రసూనే. వంతెన మీద రాకపోకలు రెండు వైపులా జరిగాయి. ఎస్తేరమ్మ దయ వీళ్లలోకి వచ్చినప్పుడల్లా, వీళ్ల భయం వెళ్లి అది ఖాళీ చేసిన చోట కూర్చుంది. ముప్పై ఒక్క మంది భయం.

మర్నాడు పొద్దున కామేశం అందరినీ పిలిచాడు. ప్రసూన రికార్డులు చూపించింది.

"చాలా విచారకరం" అన్నాడు కామేశం. నిజంగానే అన్నాడు. "అయితే మనం ఎవరికీ చెడు చేయాలని చేయలేదు. అది మర్చిపోకూడదు."

"కేబులు నేనే చేశాను సార్" అన్నాడు ఫణీంద్ర. "ఒకవైపే నడిచేలా చేయాల్సింది. కానీ ఇప్పుడు నన్ను నేను శిక్షించుకుంటే ఆవిడకు ఒరిగేదేముంది?"

"మనుషులం కదా, పొరపాట్లు జరుగుతాయి" అంది ఇంకో అమ్మాయి.

అన్నీ మంచి మాటలే. రోగులకు తామే నేర్పిన మాటలు. ప్రసూన కూడా తలూపింది, ఊపుతున్నట్టు తెలియకుండానే. ఆ గదిలో ఆరుగురున్నారు. ఆరుగురిలోనూ ఎస్తేరమ్మ ఓదార్పే పలుకుతోంది. ఎస్తేరమ్మను పాడుచేసినందుకు తమను తాము ఎస్తేరమ్మ గొంతుతోనే క్షమించుకున్నారు. ఆమెకు మంచి డాక్టరును చూపించాలనీ, ఇచ్చేవాళ్ల కోసం కొత్తగా ప్రకటన వేయాలనీ తీర్మానించారు. తర్వాత టీ వచ్చింది.

ప్రసూన టీ తాగుతుంటే కూతురి మాట గుర్తొచ్చింది. పర్లేదని నేను కదా అనాలి. ఈసారి నవ్వు రాలేదు. బాధా రాలేదు. తను తప్పు చేసిందని మనసు చెప్పకపోయినా బుర్ర చెబుతూనే ఉంది. దాని మాటే వినాలని నిర్ణయించుకుంది.

నాలుగు రోజులు కూర్చుని దారి వెతికింది. దారి ఉంది. అలను ఎదురు దిశలో నడిపితే, తీసుకున్నవాళ్లు తీసుకున్నది తిరిగి ఇచ్చేయవచ్చు. దాంతోపాటు తమ భయాన్ని తాము తిరిగి తెచ్చుకోవాలి. ఒకరి బదులు ఇంకొకరు ఇవ్వడం కుదరదు.

రాత్రి అన్నం దగ్గర భార్గవతో చెబితే అతను పళ్లెం పక్కకు జరిపాడు.

"ముప్పై ఒక్క మందిలో నువ్వొక్కదానివి ఇస్తే ఆవిడకి ఏమొస్తుంది?"

"ముప్పై ఒకటో వంతు."

"దానికోసం మళ్లీ ఆ నరకంలోకి వెళ్తావా? నువ్వొక్కదానివే వెళ్లవు ప్రసూనా, మమ్మల్నీ లాక్కెళ్తావు. పదకొండేళ్లు భరించాను. నాకూ ఓపికుండాలి కదా?"

"నువ్వు అన్నదాంట్లో తప్పేం లేదు" అంది ప్రసూన. "ఆవిడ పొయ్యి దగ్గర నా గొంతుతో మాట్లాడుతోంది భార్గవా."

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి సంహితను బడికి దింపడం, తీసుకురావడం తనే చూసుకోవడం మొదలుపెట్టాడు. ముందు జాగ్రత్త అన్నాడు.

మిగతా ముప్పై మంది దగ్గరకూ ప్రసూన స్వయంగా వెళ్లింది. ఎవరూ విసుక్కోలేదు. అందరూ కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు, ఎస్తేరమ్మ గురించి విని అయ్యో అన్నారు. "నేను చాలా పడ్డానండి, ఇక నన్ను నేను కాపాడుకోవాలి కదా" అన్నాడు కండక్టరు. గడప దాటలేని గృహిణి ఇప్పుడు బట్టల కొట్టులో పనికి వెళ్తోంది. "ఆవిడ కోసం రోజూ దణ్ణం పెట్టుకుంటానమ్మా" అంది, అక్కడికక్కడే కళ్లు మూసుకుని. లెక్చరరు ఒప్పుకున్నాడు. చెప్పిన రోజు కేంద్రం గేటు దాకా వచ్చి, స్కూటరు దిగకుండానే తిప్పుకుని వెళ్లిపోయాడు. కామేశం, "వ్యక్తిగత నిర్ణయాలను గౌరవించాలి ప్రసూన గారూ" అన్నాడు. ఫణీంద్ర మాత్రం కేబులు మార్చి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. టోపీ తొడుక్కోవడానికి ఒప్పుకోలేదు.

నవంబరు మొదట్లో, ఒక ఉదయం, ఎస్తేరమ్మను ప్రసూన చెయ్యి పట్టుకుని కేంద్రానికి తీసుకొచ్చింది. మెట్ల దగ్గర ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి, తాళం వేసేనా అని అడిగింది. వేశారని రెండుసార్లూ ప్రసూన చెప్పింది. ఎదురెదురుగా కూర్చున్నారు. ఫణీంద్ర మీట నొక్కాడు.

ఈసారి తలచుకోవాల్సింది ప్రసూన. పప్పులో ఉప్పు ఎక్కువైన ఆ మధ్యాహ్నాన్ని తలచుకుంది. దాన్ని పట్టుకుని, అటువైపు తోసింది. కాసేపటికి లోపలి మెత్తదనం పలచబడింది. చాల్లే తల్లీ అన్న మాటలోంచి ముందు తల్లీ పోయింది. తర్వాత చాల్లే కూడా పోయింది. అప్పుడు మొదలైంది. గ్యాసు. సంహిత. రేకుల షెడ్డు కింద నీలంగా మారిన పెదాలు. ఎదురు గీతను తుడిచేసిన తన వేళ్లు. తువ్వాలు కప్పిన అద్దం. అయిదు నెలలుగా రావాల్సినవన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. ప్రసూన కుర్చీలోంచి జారి నేల మీద కూలబడింది. టోపీ ఊడిపోయింది. ఎస్తేరమ్మ మోకాళ్ల దగ్గర తల పెట్టి ఏడ్చింది.

"క్షమించండి. మిమ్మల్ని ఏం చేశానో నాకు తెలుసు. ఇప్పుడు తెలుస్తోంది. క్షమించండి ఎస్తేరమ్మ గారూ."

ఎస్తేరమ్మ ఆమెను చూస్తూ కూర్చుంది. ముఖంలో ఏదో చిన్న మార్పు వచ్చింది. దవడ బిగింపు కాస్త సడలింది. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది.

"ఏడవకమ్మా అని నోటి దాకా వచ్చింది" అంది చివరికి. "ఆపుకున్నాను. చాలా కొంచెం వచ్చిందమ్మా. వచ్చిందని తెలుస్తోంది గానీ, పట్టుకుంటే జారిపోయేలాగుంది. ఇంతకు ముందైతే నీకే ఇచ్చేసేదాన్ని. ఇప్పుడిస్తే నాకేం ఉండదు. ఇది నేనుంచుకుంటాను. ఏమీ అనుకోకు."

"ఉంచుకోండి" అంది ప్రసూన.

ఎస్తేరమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. ప్రార్థనో కాదో ప్రసూన అడగలేదు.

లోపలి గొంతు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకుంది. దానికి తిట్టడం కొత్త కాదు. కానీ ఈసారి అది అంటున్నవాటిలో కొన్ని నిజాలు. వాటిని కాదనడానికి ప్రసూన దగ్గర ఎవరూ లేరు. చేతులు చల్లబడ్డాయి. గోడ పట్టుకుని లేచింది. ఎస్తేరమ్మను ఇంటి దగ్గర దింపిరమ్మని ఫణీంద్రకు చెప్పి, ముప్పై పేర్లున్న కాగితం తీసుకుని వరండాలోకి నడిచింది. మొదటి పేరు కామేశానిది. ఆయన గది రెండు తలుపుల అవతలే.

కామేశం తలెత్తి ఆమె ముఖం చూశాడు. కంగారుగా లేచి కుర్చీ ముందుకు జరిపాడు.

"అయ్యో, ఏంటిది ప్రసూన గారూ! రండి, కూర్చోండి. మిమ్మల్ని మీరు ఇలా హింసించుకోకూడదు" అన్నాడు, ఎంతో దయగా.

ఆ దయ ఎవరిదో తెలుసు గనుక ప్రసూన కూర్చోలేదు.